గొరగనమూడి నుంచి పరమాణువు గుండె దాకా



మన భీమవరం చుట్టుపక్కల రాత్రి రెండు గంటలప్పుడు ఏ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడినా ఒకే చప్పుడు వినిపిస్తుంది. ఏరియేటర్లు నీటిని చిలుకుతూ ఉంటాయి. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. రొయ్య, నాచు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తెల్లవారుజాముకి అది బాగా అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఒక్క రాత్రిలో పంట మొత్తం తేలిపోతుంది. మీలో చాలామందికి ఇది వేరే చెప్పక్కర్లేదు. మన పిల్లల ఫీజుల్లో ఎంతో కొంత ఆ చెరువుల మీద నుంచే వస్తోంది.

ఆ ఏరియేటర్‌ను తిప్పే కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? దేశంలో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గు నుంచే. బొగ్గును తగ్గించాలంటే రాత్రిపూట కరెంటు ఎవరిస్తారు? సూర్యుడా, గాలా, నీరా, అణువా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే తరం ఇప్పుడు మన తరగతి గదుల్లో కూర్చుని ఉంది. అందుకే ఈ నెల మీకు మన పక్క ఊరి మనిషి జీవితం చెప్పాలనుకున్నాం. పరమాణువు కేంద్రకాన్ని శోధించిన తొలి తరం తెలుగువారిలో ఆయన ఒకరు. ఆయన సన్యాసి కూడా.

భీమవరం అనగానే శాస్త్రవేత్తల్లో మనకు గుర్తొచ్చే పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన 1895లో మన ఊళ్ళోనే పుట్టారు. మరుసటి ఏడాది, 1896 డిసెంబరు 5న, ఇప్పటి పాలకోడేరు మండలంలోని గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు పుట్టారు. తర్వాత లోకం ఆయన్ను స్వామి జ్ఞానానందగా ఎరిగింది. మొదటి పేరు మనందరికీ తెలుసు. రెండో పేరు మీ పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి.

ఆయన పుట్టిన ఏడాదిని కాస్త గుర్తుపెట్టుకోండి. 1895 చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టారు. 1896లో పారిస్‌లో బెకెరల్, యురేనియం లవణాలు తమంతట తామే కిరణాలు వెదజల్లుతున్నాయని గమనించారు. రేడియోధార్మికత అధ్యయనానికి అదే మొదలు. లంకలూ కాలవలూ తప్ప ఇంకేమీ లేని ఒక డెల్టా పల్లెలో అదే ఏడాది పుట్టిన పిల్లవాడు, పెద్దయ్యాక మొదట ఎక్స్‌రేల మీద, తర్వాత రేడియోధార్మికత మీద పనిచేశాడు. కానీ అక్కడికి చేరిన దారి మాత్రం మనం పిల్లలకు గీసి ఇచ్చే ఏ దారిలాంటిదీ కాదు.

తండ్రి రామరాజు గారు బాగా చదువుకున్న మనిషి. ఇంట్లో వేదాలు, శాస్త్రాల పుస్తకాలతో గ్రంథాలయమే ఉండేది. పిల్లవాడికి పుస్తకాల రుచి అక్కడే తగిలింది. హైస్కూలు చదువు నరసాపురం టైలర్ హైస్కూలులో సాగింది. అప్పటికే మనసు పాఠాలు దాటి వేరే ప్రశ్నల వైపు పోయింది. బుద్ధుడి జీవితం ఆయన్ను బలంగా లాగింది. ఇరవై ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి, బుద్ధుడు పుట్టిన లుంబిని వైపు ప్రయాణమయ్యారు. అక్కడి నుంచి హిమాలయాలు. సుమారు పదేళ్ళు ఆ కొండల్లో యోగసాధనలో గడిపారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, తల్లిదండ్రులుగా ఆలోచించండి. ఇంటర్‌లో ఒక్క ఏడాది పోతేనే మనకు నిద్ర పట్టదు. లాంగ్‌టర్మ్‌లో చేర్చాలా వద్దా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతాం. ఇరవై నుంచి ముప్ఫై వరకు, అంటే మన లెక్కలో డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి అన్నీ తేలిపోవాల్సిన పదేళ్ళూ ఈయన కొండల్లో ఉన్నారు. చేతిలో సర్టిఫికెట్ లేదు, సంపాదన లేదు. ఆ రోజున ఊళ్ళో ఎవరు చూసినా ఈ కుర్రాడి జీవితం దారి తప్పిందనే అనుకునేవారు. వారిని తప్పుపట్టలేం. ఆ స్థానంలో ఉంటే మనమూ అలాగే అనుకునేవాళ్ళం.

1927లో ఆయన జర్మనీ వెళ్ళారు. ఫిజిక్స్ కోసం కాదు. తాను సాధనలో తెలుసుకున్నదాన్ని పూర్ణసూత్రాలు అనే పేరుతో రాసుకున్నారు. దాన్ని వెంటపెట్టుకుని, యోగం గురించి చెప్పడానికి వెళ్ళారు. డ్రెస్డెన్ నగరంలో ఉపన్యాసాలిచ్చారు. అప్పుడు జర్మనీలో ఎక్కడ చూసినా కొత్త భౌతికశాస్త్రమే. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించి చదువుకున్నవాళ్ళందరూ మాట్లాడుకుంటున్నారు. పరమాణువు లోపల ఏముందన్న దాని మీద రోజుకో కొత్త సంగతి బయటికొస్తోంది. కాలం, దేశం, పదార్థం అంటే ఏమిటన్న ప్రశ్నలు ఆయనకు కొత్త కావు. వాటికి కొలిచి చూసి జవాబు చెప్పే మార్గం కొత్త. బోధించడానికి వెళ్ళిన మనిషి అక్కడే విద్యార్థిగా కూర్చున్నారు. ముప్ఫై దాటాక, కాషాయం కట్టుకునే, గణితం, ఫిజిక్స్ మొదటి నుంచి నేర్చుకున్నారు.

తర్వాత ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వెళ్ళారు. అక్కడ ఫిజిక్స్ ఆచార్యులు జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టి, 1935లో నోబెల్ బహుమతి అందుకున్న మనిషి. మీ పిల్లలు చదివే పరమాణు నిర్మాణం పాఠంలో ఆయన పేరు ఉంటుంది. ఆ చాడ్విక్ ప్రయోగశాలలో గొరగనమూడి స్వామి బీటా కిరణాల మీద పనిచేసి మళ్ళీ డాక్టరేట్ సంపాదించారు.

బీటా కిరణాలంటే భయపడకండి. మన ఊళ్ళో ధాన్యం తూర్పారబట్టడం చూసే ఉంటారు. చేటతో ఎత్తిపోస్తే గట్టి గింజ దగ్గరగా పడుతుంది, తాలు దూరంగా ఎగిరిపోతుంది. ఎక్కడ పడిందో చూసి బరువు చెప్పవచ్చు. బీటా స్పెక్ట్రోమీటర్ చేసేది కూడా అలాంటి పనే. రేడియోధార్మిక పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు దూసుకొస్తాయి. గాలికి బదులు అయస్కాంతం వాటిని వంచుతుంది. తక్కువ శక్తి ఉన్నది ఎక్కువ వంగుతుంది, ఎక్కువ శక్తి ఉన్నది తక్కువ వంగుతుంది. ఏది ఎంత వంగిందో కొలిస్తే కేంద్రకం లోపల ఏం జరిగిందో లెక్క కట్టవచ్చు. ఇందులో ఒక చిక్కుంది. దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాన్ దానికి తగిలి శక్తి పోగొట్టుకుంటుంది. కాబట్టి గొట్టంలోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడేయాలి. ఆ విద్య ఆయనకు చేతిలో విద్య అయింది. శూన్యాన్ని ఎలా సృష్టించాలి, ఎలా కొలవాలి అన్న విషయం మీద హై వాక్యువా అనే పుస్తకం రాశారు. అది 1947లో అమెరికాలో అచ్చయింది.

అప్పటికి ప్రపంచం మారిపోయింది. 1938 చివర్లో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం కేంద్రకాన్ని న్యూట్రాన్‌తో కొడితే అది రెండుగా చీలుతోందని కనుగొన్నారు. చీలినప్పుడు వచ్చే శక్తి అపారం. ఒక కిలో యురేనియం 235 పూర్తిగా చీలితే వచ్చే వేడి కోసం మంచి రకం బొగ్గు సుమారు 2,800 టన్నులు కాల్చాలి. ఆ శక్తి మొదట బాంబుగానే లోకానికి కనిపించింది. 1945లో హిరోషిమా, నాగసాకి. ఈ మధ్య కాలంలో స్వామి జ్ఞానానంద అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపుల మీద పరిశోధన చేశారు.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే దేశానికి తిరిగొచ్చారు. ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల అప్పుడే రూపుదిద్దుకుంటోంది. దాని మొదటి డైరెక్టర్ కె.ఎస్. కృష్ణన్. అక్కడ శాస్త్రవేత్తగా పనిచేశారు. ఢిల్లీలోనే ఉండిపోయి ఉంటే హాయిగా గడిచేది. కానీ 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్ళు. చాలామంది పదవీ విరమణ రోజులు లెక్కపెట్టుకునే వయసులో ఆయన విశాఖపట్నంలో మొదటి నుంచి ఒక ప్రయోగశాల కట్టడం మొదలుపెట్టారు. 1956లో అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం ఏర్పడింది. ఆయనే దానికి తొలి అధిపతి. అదే ఏడాది ఆగస్టులో ముంబయి దగ్గర ట్రాంబేలో, హోమీ భాభా నాయకత్వంలో దేశపు తొలి రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. తెలుగు గడ్డ మీద ఆ శాస్త్రాన్ని నేర్పే తరగతి గదీ, దేశంలో తొలి రియాక్టరూ ఒకే ఏడాదివి.

1965 వరకు ఆయన ఆ విభాగాన్ని నడిపారు. దేశంలో రియాక్టర్లు కట్టాలంటే సిమెంటూ ఉక్కూ సరిపోవు. రేడియేషన్‌ను కొలవడం తెలిసిన మనుషులు కావాలి. అటువంటి మనుషులను తెలుగు జిల్లాల పిల్లల్లోంచి తయారు చేయడమే ఆయన చివరి దశాబ్దపు పని. కాషాయం విడిచిపెట్టలేదు, ప్రయోగశాలనూ విడిచిపెట్టలేదు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. మహారాష్ట్ర తీరంలోని తారాపూర్‌లో దేశపు మొదటి అణువిద్యుత్ కేంద్రం కరెంటు ఇవ్వడం మొదలైంది ఆ ఏడాదే. విశాఖలోని ఆ ప్రయోగశాలలకు తర్వాత ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు మళ్ళీ మన చెరువు గట్టు మీదికి వద్దాం.

బొగ్గు కాల్చి ఒక యూనిట్ కరెంటు తయారు చేస్తే, గని నుంచి మొదలుపెట్టి అన్నీ కలుపుకుంటే, సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు గాలిలో కలుస్తాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2014 నివేదికలో ఇచ్చిన మధ్యస్థ అంచనా ఇది. అదే లెక్కలో పెద్ద సోలార్ కేంద్రాలకు 48 గ్రాములు, జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12, నేల మీద గాలిమరలకు 11. అంటే ఈ నాలుగూ ఒక గట్టున, బొగ్గు అవతలి గట్టున ఉన్నాయి. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో, ఉప్పు నీరు ఎప్పుడు పైకి ఎగదన్నుతుందోనని చూసుకునే డెల్టా మనది. ఆ తేడా మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాదు.

అయితే ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. సోలార్ చవక, త్వరగా కట్టవచ్చు, కానీ ఏరియేటర్‌కు బాగా అవసరమైన వేళ సూర్యుడు ఉండడు. గాలి తన ఇష్టం వచ్చినప్పుడు వీస్తుంది. సీలేరు నీళ్ళు అడిగినప్పుడు కరెంటు ఇస్తాయి, కానీ రిజర్వాయర్‌లో ఉన్నంత వరకే. దిగువ సీలేరు కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు. పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం తలపెట్టారు, దాని వెనుక మునిగే ఊళ్ళ బాధ కూడా మనకు తెలుసు. అణుకేంద్రం రాత్రీ పగలూ, వానా ఎండా చూడకుండా ఒకే తీరుగా నడుస్తుంది. కానీ కట్టడానికి ఏళ్ళు పడుతుంది, ఖర్చు ఎక్కువ, వాడేసిన ఇంధనాన్ని తరాల తరబడి కాపలా కాయాలి.

అందుకే నిపుణులు ఇప్పుడు వీటిని కలిపి వాడటం గురించి ఆలోచిస్తున్నారు. అడుగున ఎప్పుడూ ఆగని అణువిద్యుత్తు. దాని మీద పగలు సోలార్, వీచినప్పుడు గాలి. మధ్యాహ్నం మిగిలిపోయిన కరెంటుతో నీటిని పై రిజర్వాయర్‌కు ఎక్కించి, చీకటి పడ్డాక కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీసుకోవడం. కర్నూలు ప్రాంతంలో పిన్నాపురం దగ్గర సోలార్, గాలి, ఈ పంపు చేసిన నీరు మూడింటినీ ఒకేచోట కలిపే ప్రాజెక్టు చేపట్టారు. అణువు వైపు చూస్తే దక్షిణ గ్రిడ్‌లో కైగా, కల్పాక్కం, కూడంకుళం కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ 1970ల నుంచి దేశంలోని రియాక్టర్లకు ఇంధనం తయారు చేస్తోంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్ళుగా ఉంది. అయినా దేశం మొత్తం కరెంటులో అణువు వాటా ఇప్పటికీ సుమారు 3 శాతమే. 2047 నాటికి అణు సామర్థ్యాన్ని 100 గిగావాట్లకు పెంచాలని కేంద్రం 2025 బడ్జెట్‌లో లక్ష్యం ప్రకటించింది. 2047లో మన ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలకు ముప్ఫై అయిదేళ్ళు వస్తాయి. ఆ పని చేసినా, వద్దని వాదించినా వాళ్ళే.

కొవ్వాడ అనగానే భూములు పోతాయనీ, ప్రమాదం జరిగితే ఎలాగనీ అక్కడి వాళ్ళు అడిగే ప్రశ్నలు న్యాయమైనవే. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు, అర్థం చేసుకోవాలి. ఇక్కడే స్వామి జ్ఞానానంద పనిచేసిన శాస్త్రం మనకు అక్కరకొస్తుంది. రియాక్టర్‌ను ఆపేసినా దాని వేడి వెంటనే ఆగదు. చీలిపోయిన ముక్కలు బీటా, గామా కిరణాలు వదులుతూనే ఉంటాయి. ఆపిన క్షణంలో పూర్తి వేడిలో సుమారు 6, 7 శాతం ఇంకా పుడుతూ ఉంటుంది. ఒక రోజు గడిచాక అది ఒక శాతం లోపుకు దిగుతుంది. ఆ తర్వాత కూడా నీళ్ళు తిరుగుతూనే ఉండాలి, పంపులు నడుస్తూనే ఉండాలి. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగిపోయాయి. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. పంపులు ఆగాయి. ప్రమాదం అక్కడి నుంచి మొదలైంది. తెల్లవారుజామున జనరేటర్ స్టార్ట్ కాని చెరువు గట్టు తెలిసిన మనకు ఈ సంగతి అర్థం కావడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అవసరం లేదు. ఆ వేడి ఎంత, ఎన్నాళ్ళు ఉంటుంది అన్న లెక్క వెనుక, ఎలక్ట్రాన్లను ఓపికగా తూర్పారబట్టిన ఎందరో పరిశోధకుల కొలతలున్నాయి.

ఇంకో సంగతి. ఆయన పుస్తకం రాసిన ఆ శూన్యపు విద్య అణుశాస్త్రంతోనే ఆగిపోలేదు. ఇవాళ మన ఇళ్ళ మీద పెట్టుకునే సోలార్ పలకల లోపలి పలుచటి పూతలు కూడా గాలి తోడేసిన గదుల్లోనే వేస్తారు. ఒకే నైపుణ్యం రెండు చోట్లా పనికొస్తోంది. అణువా, సోలారా అని మనం రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నాం గానీ, ల్యాబ్‌లో పనిచేసే మనిషికి అంత గీత కనబడదు.

ఇదంతా చదివి పిల్లల్ని హిమాలయాలకు పంపమని మేం చెప్పడం లేదు. ఇల్లు విడిచిపోయిన ప్రతివాడూ శాస్త్రవేత్త కాడు. ర్యాంకు అక్కర్లేదని కూడా అనడం లేదు. సీటు కావాలంటే మార్కులు కావాలి, అది మనందరికీ తెలిసిన సంగతే. కానీ ఆయన జీవితంలో మనం తీసుకోదగినవి రెండున్నాయి. మొదటిది, ముప్ఫై ఏళ్ళకు కూడా కింది బెంచీలో కూర్చుని మొదటి నుంచి నేర్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. మన పిల్లవాడు ఏడో తరగతిలో భిన్నాలు రాక వెనకబడితే, అదే వాడి జీవితం అన్నట్టు మనం ముఖం పెట్టకూడదు. రెండోది, ఆయన్ను నడిపించింది మార్కు కాదు, తేలని ప్రశ్న. దాని కోసం గొరగనమూడి నుంచి లుంబినికి, హిమాలయాలకు, డ్రెస్డెన్‌కు, ప్రాగ్‌కు, లివర్‌పూల్‌కు, మిషిగన్‌కు తిరిగారు. చివరికి నేర్చుకున్నదంతా మూటగట్టుకుని మన విశాఖకు తెచ్చిచ్చారు.

ఈ నెల ఒక ఆదివారం వీలు చేసుకుని పిల్లల్ని గొరగనమూడి తీసుకెళ్ళండి. భీమవరం నుంచి దగ్గరే. దారిలో చెరువుల మీద తిరిగే ఏరియేటర్లను చూపించి, ఇది రాత్రి తిరగాలంటే కరెంటు ఎక్కడి నుంచి రావాలో అడగండి. ఇంటికొచ్చాక కరెంటు బిల్లు ముందు పెట్టుకుని, వాడిన యూనిట్లను 820తో ఒకసారి, 12తో ఒకసారి హెచ్చించమనండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ లెక్కల కాగితం వెంట తీసుకురండి. మార్కుల గురించి మాట్లాడుకోవడానికి ముందు, మీ అబ్బాయి, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలు వింటాం.